రేవులో ఆగిన ఓడ, ఆగని పొగ

మనం ఉంటున్న ఊరికి ఎడిసన్ అని పేరు పెట్టింది 1954లో. అంతకు ముందు ఇది రారిటన్ టౌన్‌షిప్. పేరు ఎందుకు మారిందో అందరికీ తెలిసిందే. థామస్ ఎడిసన్ 1876లో ఇక్కడి మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టాడు. 1879 డిసెంబరు 31 రాత్రి జనాన్ని పిలిచి కరెంటు దీపాలు వెలిగించి చూపించాడు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనవాళ్ళు తీసుకెళ్ళి ఫొటోలు తీయించే టవర్ ఉన్నది ఆ చోటే.

ఆ రాత్రి దీపాలు చూడటానికి వచ్చినవాళ్ళలో హెన్రీ విల్లార్డ్ అనే ఆయన ఉన్నాడు. జర్మనీ నుంచి వలస వచ్చినవాడు, ఆరెగాన్ వైపు ఓడలు, రైళ్ళు నడిపే కంపెనీకి పెద్ద. ఆయనకి అప్పుడే పెన్సిల్వేనియాలోని చెస్టర్‌లో 'కొలంబియా' అనే కొత్త ఓడ తయారవుతోంది. ఈ దీపాలు నా ఓడలో పెట్టాల్సిందే అన్నాడు. ఓడ కట్టిన జాన్ రోచ్‌కి అది నచ్చలేదంటారు, నిప్పు అంటుకుంటుందని భయం. చివరికి ఓడని న్యూయార్క్ తెప్పించి, 1880లో ఎడిసన్ మనుషులే వైరింగ్ చేసి, సుమారు 120 దీపాలు బిగించారు. ఎడిసన్ దీపాలు ఆయన ప్రయోగశాల దాటి వ్యాపారానికి వెళ్ళిన మొదటి చోటు ఆ ఓడే. గదిలో దీపం వెలిగించే స్విచ్చు ప్రయాణికుల చేతికి ఇవ్వలేదు. గది బయట తాళం వేసిన పెట్టెలో ఉండేది, ఓడ సిబ్బంది వచ్చి వేసి వెళ్ళేవాళ్ళు.

ఆ దీపాలకి కరెంటు ఎక్కడిది? ఓడలోనే ఆవిరి ఇంజనుతో తిరిగే డైనమోల నుంచి. అప్పుడు వేరే దారి లేదు. న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ కరెంటు కేంద్రం మొదలైందే 1882లో. సముద్రం మధ్యలో ఉన్న ఓడకి నేటికీ వేరే దారి లేదు, తన కరెంటు తానే పుట్టించుకోవాలి. రేవుకి చేరి, తాళ్ళు కట్టేసి, పక్కనే ఊరి కరెంటు స్తంభాలు కనిపిస్తున్నా కూడా అదే పద్ధతి ఎందుకు సాగుతూ వచ్చింది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి.

మన ఫోరం సంచికలో ఓడల గురించి ఏమిటి అనుకోవచ్చు. ఓక్ ట్రీ రోడ్డులో మనం కొనే సోనా మసూరి బస్తా, ఆవకాయ సీసా, ఫ్రీజర్‌లో దొరికే మునక్కాయ ముక్కలు, ఇవన్నీ ఎక్కువగా ఓడలోనే వస్తాయి. దిగేది న్యూవార్క్ లేదా ఎలిజబెత్ రేవులో. టర్న్‌పైక్ మీద 13ఏ ఎగ్జిట్ నుంచి మన 10వ ఎగ్జిట్‌కి పద్నాలుగు మైళ్ళకి మించదు. అక్కడ దిగిన సరుకు లారీల్లో వచ్చి చేరే గోదాముల్లో రారిటన్ సెంటర్ ఒక పెద్ద కేంద్రం. అది ఒకప్పుడు సైన్యం మందుగుండు దాచుకున్న రారిటన్ ఆర్సెనల్. ఇప్పుడు అక్కడ షిఫ్టుల్లో పెట్టెలు దింపేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. దేశం మొత్తం గాలి సంగతి చూసే కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రయోగశాల ఒకటి ఆ పాత ఆర్సెనల్ నేల మీదే ఉంది.

ఓడరేవుతో తెలుగు కూలీ సంబంధం ఎలాగూ కొత్తది కాదు. విమానాలు ఎక్కి ఇక్కడికి రాకముందు రెండు మూడు తరాలవాళ్ళు విశాఖపట్నం, కాకినాడ, కోరంగి రేవుల్లో పొగ ఓడలు ఎక్కి రంగూన్ వెళ్ళారు. 'పొగ ఓడ' అనే మాటే మనవాళ్ళు పెట్టింది, కంటికి ముందు కనిపించింది అదే మరి. బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు, రేవు పేరే జాతి పేరైపోయింది. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులు. రేవులో మూటలు మోసేవాళ్ళలో మన కోరంగీలదే పెద్ద వాటా. 1930 మేలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తేలాక ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఆ రగడ 26వ తేదీన అల్లర్లుగా మారి వందకు పైగా ప్రాణాలు పోయాయి. చచ్చింది ఎక్కువగా మనవాళ్ళే. గొడవ కూలి మీద. పొగ మీద గొడవ పడాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికి వస్తుంది? కడుపు నిండటం ముందు, ఊపిరితిత్తులు తరవాత. ఇప్పటికీ చాలా చోట్ల అంతే.

బొగ్గు ఓడల కాలం నుంచి ఒక మాట మిగిలింది. అప్పట్లో ఓడ రేవులో చాలా రోజులు ఉండిపోతే కొలిమిలో నిప్పు ఆర్పేసేవాళ్ళు. ఇనుప ఇంజను మెల్లగా చల్లబడేది. దాన్ని ఇంగ్లీషులో 'కోల్డ్ ఐరనింగ్' అన్నారు, అంటే ఇనుము చల్లారడం అన్నమాట. బట్టల ఇస్త్రీకీ దీనికీ సంబంధం లేదు. ఇప్పుడు ఓడని ఒడ్డు కరెంటుకి తగిలించి దాని ఇంజన్లు ఆపేయడాన్ని కూడా అదే పేరుతో పిలుస్తున్నారు. ఇంకో పేరు షోర్ పవర్.

ఇది సాధ్యమా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే 1929 సంగతి చెప్పాలి. ఆ ఏడు వాషింగ్టన్ రాష్ట్రంలో వానల్లేక జలవిద్యుత్తు పడిపోయింది. టకోమా నగరం చీకట్లో పడే పరిస్థితి. అప్పుడు నౌకాదళం తన 'లెక్సింగ్టన్' అనే విమానవాహక నౌకని రేవులో కట్టి, కేబుళ్ళు వేసి, డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా నెల రోజులు ఊరికి కరెంటు ఇచ్చింది. ఓడ నుంచి ఊరికి ఇవ్వగలిగినప్పుడు ఊరి నుంచి ఓడకి ఇవ్వలేమా? నౌకాదళాలు ఆ పని చేస్తూనే ఉన్నాయి. యుద్ధనౌక తన రేవులో ఉన్నప్పుడు ఒడ్డు నుంచి కరెంటు తీసుకోవడం మామూలే. ఎందుకంటే అక్కడ ఓడా, రేవూ, కరెంటు బిల్లూ మూడూ సర్కారువే. సరుకు ఓడ దగ్గర ఈ మూడూ ముగ్గురివి. అసలు చిక్కు అక్కడుంది, వైర్లలో కాదు.

1956 ఏప్రిల్ 26న న్యూవార్క్ రేవు నుంచి 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 ఇనుప పెట్టెలతో హ్యూస్టన్‌కి బయల్దేరింది. మాల్కమ్ మెక్లీన్ అనే లారీల వ్యాపారి ఆలోచన అది. ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తున్న కంటెయినర్ వ్యాపారం మొదలైంది ఆ రోజే. 1962లో పక్కనే ఎలిజబెత్‌లో కంటెయినర్ల కోసమే ప్రత్యేకంగా రేవు తెరిచారు. చేతుల మీద మూటలు దింపే కాలం పోయింది, ఆ పని మీద బతికినవాళ్ళ ఉద్యోగాలూ పోయాయి. ఓడలు మాత్రం పెరుగుతూ పోయాయి. 2016లో పనామా కాలువ వెడల్పు చేశారు. దాని పెద్ద ఓడలు లోపలికి రావాలంటే బేయోన్ వంతెన అడ్డు. దాన్ని 151 అడుగుల నుంచి 215 అడుగులకి లేపారు. 2017 సెప్టెంబరులో 14 వేల పెట్టెల ఓడ ఆ వంతెన కింద నుంచి వచ్చింది.

అంత పెద్ద ఓడ రేవులో కట్టేశాక పెద్ద ఇంజను ఆగుతుంది. అక్కడితో అంతా ఆగిందనుకుంటాం. ఆగదు. లోపల దీపాలు, పంపులు, ఫ్యాన్లు, వంటగది, సిబ్బంది గదులు, వీటికోసం చిన్న డీజిల్ జనరేటర్లు నడుస్తూనే ఉంటాయి. చిన్నవంటే ఓడ లెక్కలో చిన్నవి. అన్నీ కలిపి మెగావాట్లలో ఉంటుంది వాడకం. అన్నిటికన్నా ఆకలి ఎక్కువ చల్ల పెట్టెలకి. మన మునక్కాయ ముక్కలు కరగకుండా ఉండాలంటే ఆ పెట్టెకి క్షణం కూడా కరెంటు పోకూడదు. ఇక్కడ తమాషా ఒకటి. ఆ పెట్టెని క్రేను ఎత్తి ఒడ్డు మీద పెట్టగానే రేవువాళ్ళు దాన్ని ఊరి కరెంటు ప్లగ్గుకి తగిలిస్తారు. పెట్టెకి ఒడ్డు కరెంటు ఉంది, అది దిగిన ఓడకి లేదు.

ఓడలో తగలబడే నూనె సంగతి ఇంకా పెద్దది. ముడి చమురు నుంచి పెట్రోలు, డీజిలు, కిరోసిను అన్నీ తీసేశాక అడుగున మిగిలే తారు లాంటి మడ్డిని బంకర్ ఆయిల్ అంటారు. చవక. వేడి చేస్తేగాని కారదు. అందులో గంధకం చాలా ఎక్కువ. 2020 జనవరి 1 ముందు వరకు ప్రపంచ సముద్రాల్లో 3.5 శాతం గంధకం ఉన్న నూనె కాల్చొచ్చు, ఆ రోజు నుంచి 0.5 శాతం. అమెరికా, కెనడా తీరాలకి ఇంకా కఠినమైన హద్దు ఉంది. 2012లో 1 శాతంతో మొదలై, 2015 నుంచి 0.1 శాతం. ఇది నిజంగా పెద్ద మేలు, ఒప్పుకోవాలి. కానీ మన కార్లు, లారీలు రోడ్డు మీద వాడే డీజిల్లో గంధకం పది లక్షల్లో 15 పాళ్ళు దాటకూడదు. ఓడకి ఇచ్చిన 0.1 శాతం అంటే పది లక్షల్లో 1000 పాళ్ళు. అరవై రెట్లకు పైగా. గంధకం తగ్గినా నత్రజని వాయువులు, కంటికి కనపడని సన్న మసి పోవు. డీజిలు పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లో తేల్చి చెప్పింది.

ఇక ప్లగ్గు చరిత్ర. 2000 ప్రాంతంలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్, 2001లో అలాస్కాలోని జూనో ముందు మొదలుపెట్టాయి. జూనో విహార ఓడల ఊరు, పొగ కొండల మధ్య ఆగిపోయి ఊరివాళ్ళకి కళ్ళు మండేవి. సరుకు ఓడల విషయంలో మలుపు తిప్పింది లాస్ ఏంజెలెస్. అక్కడ శాన్ పీడ్రో అనే రేవు పేటలో ఇళ్ళున్నవాళ్ళు, పర్యావరణ సంఘాలు కలిసి 2001లో కోర్టుకెళ్ళారు. చైనా షిప్పింగ్ కంపెనీకి కొత్త టెర్మినల్ కట్టిస్తూ పొగ లెక్క వెయ్యలేదని వాళ్ళ వాదన. కోర్టు పని ఆపేసింది. 2003లో రాజీ కుదిరింది. సుమారు 5 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టాలి, వచ్చే ఓడల్లో ఎక్కువ భాగం ఒడ్డు కరెంటు వాడాలి. 2004 జూన్‌లో టెర్మినల్ తెరిచారు. కంటెయినర్ ఓడలకి ప్లగ్గు పెట్టిన మొదటి టెర్మినల్ అదే. ఏ కంపెనీ దయతలచి పెట్టింది కాదు, వాకిట్లో మసి తుడుచుకుని విసిగిపోయినవాళ్ళు పెట్టించింది.

దాన్ని చూసి కాలిఫోర్నియా 2007లో రాష్ట్రం మొత్తానికి నిబంధన పెట్టింది. 2014కి ఓడల రాకల్లో సగం, 2017కి 70 శాతం, 2020కి 80 శాతం ఇంజన్లు ఆపాలి. కంపెనీలు మా వల్ల కాదు అన్నాయి. తరవాత ఓడలకి ప్లగ్గులు పెట్టుకుని వచ్చాయి. కాకపోతే రాజీ పత్రం మీద సంతకంతో కథ అయిపోలేదు. ఆ చైనా షిప్పింగ్ టెర్మినల్ విషయంలోనే ఒప్పుకున్న కొన్ని పనులు అమలు కాలేదని 2015లో రేవు సంస్థే బయటపెట్టింది. మళ్ళీ కోర్టులు. కాగితం మీద గెలిచినవాళ్ళు కాపలా కూడా కాయాల్సి వచ్చింది.

ఇప్పుడు మన వైపు. న్యూయార్క్, న్యూజెర్సీ రేవులు చూసేది పోర్ట్ అథారిటీ. ఈ తూర్పు తీరంలో మొదటి ప్లగ్గు వచ్చింది బ్రూక్లిన్ రెడ్ హుక్‌లోని విహార ఓడల రేవులో, 2016 నవంబరులో. సుమారు 2 కోట్ల 10 లక్షల డాలర్లు అయింది. వైర్లు వేయడం కన్నా యూనిట్ రేటు ఎంత, తేడా ఎవరు భరించాలి అన్న బేరానికే ఏళ్ళు పట్టింది. క్వీన్ మేరీ 2 లాంటి ఓడల కోసం అది పెట్టారు. విహార ఓడ కాబట్టి టికెట్టు కొన్నవాళ్ళు పైన డెక్కు మీద నిలబడతారు, పొగ వాళ్ళకీ తగులుతుంది. రెడ్ హుక్‌లో ప్లగ్గు పెట్టిన రోజుకి న్యూవార్క్, ఎలిజబెత్ కంటెయినర్ బెర్తుల్లో ఆ ఏర్పాటు లేదు. 2022లో ఈ రేవు గుండా దాదాపు 95 లక్షల పెట్టెలు (ఇరవై అడుగుల లెక్కన) వెళ్ళాయి. కరోనా తరవాత సరుకు విరగబడినప్పుడు అంతన్నమాట.

న్యూవార్క్‌లో రేవుకి ఆనుకుని ఉన్న పేట ఐరన్‌బౌండ్. చుట్టూ రైలు పట్టాలు ఉండటం వల్ల ఆ పేరు. పోర్చుగీసు, బ్రెజిల్, ఎక్వడార్ వాళ్ళు, నల్లజాతి కుటుంబాలు, ముఖ్యంగా పని చేసుకు బతికేవాళ్ళు. ఒక పక్క రేవు, ఒక పక్క విమానాశ్రయం, చెత్త తగలబెట్టే ప్లాంటు, రోజంతా లారీలు. న్యూవార్క్ పిల్లల్లో నలుగురిలో ఒకరికి ఉబ్బసం అని అక్కడి సంఘాలు ఎప్పటినుంచో చెబుతున్న లెక్క. 1969లో పుట్టిన ఐరన్‌బౌండ్ కమ్యూనిటీ కార్పొరేషన్, దానితో కలిసి పనిచేసే కోయలిషన్ ఫర్ హెల్దీ పోర్ట్స్ ఈ పొగ మీద ఏళ్ళుగా పోట్లాడుతున్నాయి.

వాళ్ళు ముందు పట్టుకున్నది లారీలని, ఎందుకంటే లారీ ఇంటి ముందు నుంచే పోతుంది. 2007 ముందు ఇంజన్లున్న లారీల్ని 2017 నుంచి రేవులోకి రానివ్వమని పోర్ట్ అథారిటీ మాటిచ్చింది. గడువు దగ్గర పడ్డాక, 2016 జనవరిలో వెనక్కి తగ్గింది. 1996 ముందువాటినే ఆపుతామంది. కొత్త లారీలకి డబ్బు లేదన్నది కారణం. ఇందులో డ్రైవర్ల పక్షం కూడా చూడాలి. రేవు లారీలు నడిపేవాళ్ళు చాలామంది వలస వచ్చినవాళ్ళు, సొంత లారీ అప్పు మీద కొనుక్కుని ట్రిప్పు లెక్కన డబ్బులు తీసుకునేవాళ్ళు. లక్ష డాలర్ల లారీ కొనుక్కో అంటే ఎక్కడి నుంచి తెస్తారు? వాళ్ళ మీద బరువు వేస్తే పేటవాళ్ళకీ డ్రైవర్లకీ తగవు పెట్టినట్టవుతుంది. రంగూన్‌లో కోరంగీలకీ బర్మావాళ్ళకీ పెట్టినట్టే. సరుకు యజమాని మాత్రం రెండు చోట్లా తెర వెనకే ఉన్నాడు.

ఓడ విషయంలో ఆ ఇబ్బంది లేదు. అక్కడ ఖర్చు పెట్టాల్సింది పెద్ద కంపెనీలు, ప్రభుత్వం. న్యూజెర్సీలో ఇంకో వసతి కూడా ఉంది. ఎక్కువ ఓడల్లో కరెంటు 60 హెర్ట్జ్. అమెరికా ఊళ్ళ కరెంటూ 60 హెర్ట్జ్. మార్చే యంత్రం అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మరూ, కేబులూ, సరైన ప్లగ్గూ ఉంటే చాలు. ప్లగ్గు ఎలా ఉండాలో అంతర్జాతీయ ప్రమాణం 2012లోనే వచ్చింది. ప్లగ్గు పెట్టినా పొగ సున్నా అయిపోదు, నూనె వేడిచేసే బాయిలర్లు కొన్ని నడుస్తాయి. జనరేటర్లు ఆగడమే పెద్ద మార్పు.

ఇదే పని విశాఖలో చేయాలంటే ఖర్చు ఇంకా ఎక్కువ, మన దేశం కరెంటు 50 హెర్ట్జ్ మరి. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ రాకతో తెరిచిన ఆ రేవు మొదట మాంగనీసు ఖనిజానికి, తరవాత ఇనుప ఖనిజానికీ బొగ్గుకీ దారి. పాత ఊరివాళ్ళు ఆరేసిన బట్టల మీద నల్ల దుమ్ము దులుపుకోవడం తరాలుగా చూస్తున్నాం. అక్కడ పొగ కన్నా ముందు దుమ్మే కనిపిస్తుంది. విశాఖ పోర్టు 10 మెగావాట్ల సౌర విద్యుత్తు పెట్టుకుంది. 2023 మేలో కేంద్రం 'హరిత్ సాగర్' అని రేవులకి మార్గదర్శకాలు ఇచ్చింది, ఒడ్డు కరెంటు వాటిలో ఉంది. యూరప్ ఇంకా గట్టిగా ఉంది, 2030 నుంచి పెద్ద రేవుల్లో కంటెయినర్ ఓడలూ ప్రయాణికుల ఓడలూ ప్లగ్గు పెట్టుకోవాల్సిందేనని చట్టం చేసింది. అక్కడికి వెళ్ళే ఓడలే ఇక్కడికీ వస్తాయి కాబట్టి, ఓడలో ప్లగ్గు లేదనే సాకు మెల్లగా చెల్లకుండా పోతుంది. మిగిలేది ఒడ్డు మీది ప్లగ్గే.

ఈ పొగలో అందరికన్నా దగ్గరున్నవాళ్ళని మర్చిపోతాం. ఓడలోనే ఉండే నావికులు. శ్రీకాకుళం, విశాఖ నుంచి మర్చంట్ నేవీకి వెళ్ళిన కుర్రాళ్ళు ఎంతోమంది. ఓడ న్యూవార్క్‌లో ఆగినా వీసా లేకపోతే ఒడ్డు మీద కాలు పెట్టడానికి వీల్లేదు. ఆ జనరేటర్ల మోత పక్కనే నిద్ర, ఆ పొగ కిందే డ్యూటీ. పోర్ట్ న్యూవార్క్‌లో సీమెన్స్ చర్చ్ ఇన్‌స్టిట్యూట్ వారి నావికుల కేంద్రం ఉంది. మతంతో పని లేకుండా ఎవరికైనా సాయం చేస్తారు, ఓడల మీదికి కూడా వెళ్ళి పలకరిస్తారు. మన ఊరి పిల్లాడు ఓడలో వస్తున్నాడని కబురు తెలిస్తే, ముందు వాళ్ళకి ఫోన్ చేయడం మంచిది.

రేవులని శుభ్రం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022 చట్టంలో 3 బిలియన్ డాలర్లు పక్కన పెట్టింది. 2024 అక్టోబరులో ఎవరికెంతో ప్రకటించింది, మన పోర్ట్ అథారిటీకీ అందులో వాటా ఉంది. ఆ డబ్బు లారీలకా, క్రేన్లకా, ప్లగ్గులకా, ఏ బెర్తుకి ముందు అనేది బోర్డు మీటింగుల్లో తేలే విషయం. ఆ మీటింగులు అందరికీ తెరిచే ఉంటాయి. మాట్లాడాలనుకున్నవాళ్ళు ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. ఐరన్‌బౌండ్ వాళ్ళు ఎప్పటినుంచో వెళ్ళి మాట్లాడుతూనే ఉన్నారు. మన గోదాముల సరుకు దిగేది అదే బెర్తుల్లో కాబట్టి, వాళ్ళ పక్కన కుర్చీలో మనవాళ్ళు కూర్చున్నా ఎవరూ కాదనరు.